ఆక్లాండ్ నుంచి వచ్చిన మెసేజ్

"మనోజా, మీ అక్క మరియ బయటికి రాలేదే!"

ఫోన్‌లో సంతోషి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ఎయిర్‌పోర్టు నుంచి మాట్లాడుతోంది.

బుధవారం. మధ్యాహ్నం పన్నెండుంబావు. మే నెల ఎండకు ఇబ్రహీంపట్నం వీధుల్లో కుక్క కూడా కనిపించడం లేదు. తల్లికి జావ తాగిస్తున్న మనోజ గిన్నె కింద పెట్టేసింది.

"రాకపోవుడేందే? మంచిగ చూసినవా?"

"గేటు కాడనే నిలబడ్డ. అందరు సామాన్లు తోసుకుంట పోయిన్రు. మరియ ఒక్కతే రాలే. ఫోన్ స్విచాఫ్. లోపలోళ్లను అడిగితే ఏం చెప్తలేరు. ఉండు, మళ్ల ఒకసారి అడిగి చేస్త."

ఫోన్ కట్ అయింది.

మనోజ వాట్సాప్ తెరిచింది. అక్క పంపిన మెసేజ్ అక్కడే ఉంది. ఉదయం ఆరుంబావుకు వచ్చింది.

'ఆక్లాండ్‌ల దిగిన. కొత్త సిమ్ తీసుకున్నంక ఫోన్ చేస్త. అమ్మకు చెప్పు.'

మరియ నర్సు. ఇబ్రహీంపట్నంలోనే ఒక ప్రైవేటు దవాఖానలో పదకొండేళ్లు పనిచేసింది. పరీక్షల మీద పరీక్షలు రాసి, ఆక్లాండ్‌లో ముసలివాళ్ల హోంలో ఉద్యోగం తెచ్చుకుంది. ఆమెతో కలిసి నర్సింగ్ చదివిన సంతోషి ముందే అక్కడికి వెళ్లింది. ఈ రోజు స్నేహితురాలిని ఇంటికి తీసుకెళ్లడానికి ఎయిర్‌పోర్టుకు వచ్చింది.

దిగినానన్న మనిషి బయటికి రాలేదు. మరి ఎక్కడికి పోయింది?

"ఏమైందే?" మంచం మీది నుంచి కమలమ్మ అడిగింది. మూడు రోజులుగా జ్వరం.

"ఏం లేదమ్మా. సిగ్నల్ మంచిగ లేదు."

మనోజ వాకిట్లోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది. పరమేష్ బొంగులూరు దగ్గర విల్లాలు కడుతున్న ఒక కొత్త వెంచర్‌లో సైట్ సూపర్‌వైజర్. పావుగంటలో ఇంటి ముందు కారు ఆపాడు. నిన్న మరియను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది కూడా ఈ కారులోనే.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు. "అంత పెద్ద ఎయిర్‌పోర్టు. ఏడనో కూసున్నదేమో."

"నాకు భయమైతున్నది. స్టేషన్‌కు పోదాం."

"స్టేషనా? ఈ పోలీసులేం చేస్తరే?"

మనోజ అప్పటికే కారు ఎక్కింది.

*

ఎస్ఐ భవాని గొంతు పెంచే మనిషి కాదు. కానీ ఒక జవాబు పూర్తయ్యేలోపే ఇంకో ప్రశ్న వేస్తుంది.

"ఇంట్లకెళ్లి ఎప్పుడు బయల్దేరింది?"

"నిన్న పదకొండింటికి."

"విమానం?"

"నాలుగింటికి."

"నువ్వు ఎయిర్‌పోర్టుకు తోలియ్య పోలేదా?"

"అమ్మకు జరం మేడం. ఇడిసిపెట్టి ఎట్ల పోత? మా ఆయన ఒక్కడే తీస్కపోయిండు."

"టికెట్ చూసినవా?"

"లే. అక్క ఫోన్ల ఉండె. కన్సల్టెన్సీ రఘునందన్ సార్ చేసిండు. మొన్ననే ఏదో మార్చిన్రట. నాలుగింటి విమానమని మాత్రం చెప్పింది."

భవాని పరమేష్ వైపు తిరిగింది. "ఏడ దించినవ్?"

"డిపార్చర్ గేటు ముందు మేడం. ట్రాలీ తెచ్చిచ్చిన. రెండు పెట్టెలు, ఒక బ్యాగు. అక్కడ ఎక్కువ సేపు బండి ఆపనియ్యరు గద. దించి సైటుకు పోయిన."

"లోపలికి పోయేది చూసినవా?"

"గేటు దిక్కు నడుస్తుంటే చూసిన."

"అక్కడ తెలిసినోళ్లు ఎవరన్న కనిపించిన్రా?"

"ఐలేష్ బండి అసొంటిది కనిపించింది. అదే అని చెప్పలేను."

మనోజ అతని వైపు తిరిగింది. ఈ మాట అతను ఇంట్లో చెప్పలేదు.

"ఐలేష్ ఎవరు?"

"కందుకూరాయన మేడం," మనోజ అంది. "అక్కను చేసుకుంటనని రెండేండ్లు తిరిగిండు. అక్క వద్దన్నది. పోయిన వారం తాగొచ్చి ఇంటి ముందు లొల్లి చేసిండు. 'నువ్వు విమానం ఎట్ల ఎక్కుతవో చూస్త' అన్నడు."

కానిస్టేబుల్ కొండల్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "మేడం, ఆమె అక్కడ దిగినంక తప్పిపోయింది. సముద్రాల అవతలి కేసు మనమెట్ల రాస్తం?"

"నేనూ గదే అంటున్న," పరమేష్ అందుకున్నాడు. "ఎంబసీకి మెయిల్ పెడదాం. ఈడ కూసుంటే ఏమొస్తది?"

భవాని మనోజ ఫోన్ తీసుకుని ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివింది. తర్వాత శంషాబాద్ ఎయిర్‌పోర్టు అధికారులకు ఫోన్ చేసింది. మెయిల్ పంపాలన్నారు. పంపింది. మరియ నంబరు టవర్ లొకేషన్ కోసం ఇంకో మెయిల్ పంపింది. అది సాయంత్రానికి గానీ రాదన్నారు.

"కొండల్, కన్సల్టెన్సీ రఘునందన్‌ను పిలువు. కందుకూరుకు బండి పంపి ఐలేష్‌ను తోల్కరా. వీళ్లిద్దరు ఈడనే కూసుంటరు."

*

రఘునందన్ రెండింటికి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి వీపుకు అతుక్కుపోయింది. తను పంపిన మనిషి అక్కడ తప్పిపోయిందంటే రేపటి నుంచి ఆఫీసు మెట్లు ఎవరూ ఎక్కరు. ఆ భయం అతని ముఖంలో కనిపిస్తోంది.

"ఉద్యోగం నిజమే మేడం. వీసా నిజమే. అన్ని చూపిస్త."

"ముందుగాల టికెట్ చూపియ్యి."

ఫోన్‌లో టికెట్ తెరిచి ఇచ్చాడు. భవాని చాలాసేపు చూసింది. తర్వాత తన ఫోన్ తీసి ఏదో టైప్ చేసింది. తెర మీద వచ్చింది చదివింది. పెదవులు కదిలాయి. ఏదో కూడుకుంటున్నట్టుంది. ఉన్నట్టుండి ఆ కూడిక ఆగిపోయింది.

ఆమె తలెత్తి మనోజ వైపు చూసింది. దవాఖానలో డాక్టర్ బయటికి వచ్చి, మాట మొదలుపెట్టే ముందు చూసే చూపు అది.

"ఏంది మేడం?"

"జర ఆగమ్మా. ఒక ఫోన్ రావాలె."

రెండూ యాభైకి ఆ ఫోన్ వచ్చింది. భవాని విని, పెట్టేసింది.

"మీ అక్క ఆక్లాండ్‌ల తప్పిపోలే," నెమ్మదిగా చెప్పింది. "ఆక్లాండ్‌కు పోనే లేదు. నిన్న ఆమె విమానం ఎక్కలే. టర్మినల్ లోపల అడుగు కూడ పెట్టలే."

ఇంతసేపూ మనోజ భయం ఎక్కడో సముద్రాల అవతల ఉంది. అక్కడి పోలీసులు, అక్కడి రోడ్లు, తెలియని భాష. ఇప్పుడది ఈ ఎండలోకి, ఈ ఊళ్లోకి వచ్చి కూర్చుంది. నిన్న మధ్యాహ్నం నుంచి అక్క ఇక్కడే ఉంది. ఎక్కడ? ఎవరి చేతిలో? నీళ్లు తాగిందా? అసలు ఊపిరి ఉందా?

"మరి ఆ మెసేజ్?" మనోజ అడిగింది.

"అక్క ఫోన్ ఎవని దగ్గరున్నదో వాడు పెట్టిండు. దిగింది అంటే మనం వెతకం. వెతికినా అక్కడ వెతుకుతం."

సరిగ్గా అప్పుడే ఐలేష్‌ను లోపలికి తెచ్చారు. గడ్డం మాసి ఉంది. చేతులకు మట్టి. అతన్ని చూడగానే పరమేష్ కుర్చీ తన్నేసి లేచి కాలర్ పట్టుకున్నాడు.

"ఏం చేసినవ్‌రా మా వదినను? ఏడ పెట్టినవ్?"

"నాకేం ఎరుకరా? వదులు!" ఐలేష్ గింజుకున్నాడు. "తాగి లొల్లి చేసింది నిజమే. నిన్న పొద్దంత ట్రాక్టర్ మీదున్న. ఆమె ఎప్పుడు పోతదో కూడ నాకు తెల్వదు."

కొండల్ ఇద్దరినీ విడదీశాడు. భవాని తలుపు మూయించింది.

"కూసోండి. ముగ్గురిని ఒక్కటే ప్రశ్న అడుగుత. ఒకరు చెప్పేటప్పుడు ఇంకొకరు నోరు తెరవొద్దు."

*

మూడూ పది.

"పరమేష్. హైదరాబాద్ నుంచి ఆక్లాండ్‌కు విమానంల ఎంతసేపు పడ్తది?"

పరమేష్ నుదురు తుడుచుకున్నాడు. "గిప్పుడు గిదెందుకు మేడం?"

"చెప్పు."

"పద్నాలుగు గంటలు. ఇంకో పావుగంట ఎక్కువ."

"పక్కానా?"

"పక్కా. నాలుగింటికి లేస్తే పొద్దున ఆరుంబావుకు దిగుతది. లెక్క సరిపోయింది గద."

"ఎప్పుడన్న విమానం ఎక్కినవా?"

"లే మేడం."

భవాని తల పంకించింది. "ఐలేష్. నువ్వు చెప్పు."

"నేను ఖతార్‌ల ఆరేండ్లు చేసిన మేడం. గా ఊరికి ఎన్నడు పోలే. కని గంత దూరం ఒక్క విమానం పోదు. నడుమ ఏడనో దిగాలె, గంటలకు గంటలు కూసోవాలె, ఇంకోటి ఎక్కాలె. టికెట్ చూడంది ఎట్ల చెప్త?"

"రఘునందన్."

రఘునందన్ పరమేష్ వైపు ఒకసారి చూశాడు. "సింగపూర్‌ల దిగాలె మేడం. అక్కడ నాలుగున్నర గంటలు ఆగాలె. అన్ని కలిపి పందొమ్మిది గంటలు. ఆ విమానం దిగేది మన టైం పొద్దున పదకొండింటికి."

పదకొండు. మనోజకు సంతోషి ఫోన్ గుర్తొచ్చింది. పన్నెండుంబావుకు కూడా గేటు దగ్గర నిలబడే ఉంది. ఆరుంబావుకు ఎక్కడి ఆక్లాండ్? ఆ విమానం అప్పటికింకా గాల్లోనే ఉంది.

"పరమేష్ చెప్పింది కూడ తప్పు లెక్క కాదు," భవాని తన ఫోన్ బల్ల మీద పెట్టింది. "రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే ఈ పేజీ వస్తది. దూరం పదకొండు వేల ఏడు వందల కిలోమీటర్లు. టైం పద్నాలుగు గంటల పదిహేను నిమిషాలు. ఎక్కడా ఆగకుండా నేరుగా పోతే. పటం మీద గీత గీసి చెప్పిన లెక్క ఇది. ఆ గీత మీద ఇక్కడికెల్లి ఏ విమానం పోదు."

ఆమె ముగ్గురినీ వరసగా చూసింది.

"నాలుగింటికి పద్నాలుగుంబావు కలిపితే ఎంత? పొద్దున ఆరుంబావు. మెసేజ్ వచ్చిన టైం. పంపినోనికి విమానం లేచే టైం తెలుసు. నడుమ ఆగుతదని తెల్వదు. రఘునందన్‌కు సింగపూర్ సంగతి తెలుసు. ఐలేష్‌కు లేచే టైమే తెల్వదు. తెలిసినా నడుమ ఆగుడు లెక్కేసుకుంటడు. ఇగ మిగిలింది..."

"ఏం మాట్లాడుతున్నరు మేడం?" పరమేష్ లేచాడు. "ఆరుంబావుకు మెసేజ్ వచ్చింది కాబట్టి గట్ల చెప్పిన! లెక్కేసుకొని చెప్పిన!"

"కావొచ్చు. నీ ఫోన్ ఇయ్యి. ఈ పేజీ ఎప్పుడు చూసినవో దాంట్ల ఉంటది."

పరమేష్ చెయ్యి జేబు మీదికి పోయింది. బయటికి రాలేదు.

ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది మనోజ. తొమ్మిదేళ్లుగా తెలిసిన చెయ్యి. పారిపోవాలని ఉంది. ఈ గదిలోంచి, ఈ మాటల్లోంచి. అయినా లేచింది. అతని దగ్గరికి నడిచింది. జేబులోంచి ఫోన్ లాగింది. అతను ఆపలేదు.

లాక్ ఆమెకు తెలుసు. తెరిచింది. వెతికిన పేజీలన్నీ కిందికి జరిపింది. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. హైదరాబాద్ టు ఆక్లాండ్ డిస్టెన్స్.

ఆ మెసేజ్ రావడానికి ముందురోజే వెతికాడు. ఒంటిగంటన్నరకు అక్క ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఫోన్ భవాని చేతిలో పెట్టి, భర్త వైపు తిరిగింది.

"అక్క ఏడున్నది?"

అతని కళ్లు గోడ మీది గడియారం మీదికి పోయాయి. ఒక్క క్షణమే. మనోజ చూసింది.

"గడియారం ఎందుకు చూస్తున్నవ్?"

పరమేష్ తల దించుకున్నాడు.

"గడియారం ఎందుకు చూసినవ్ పరమేష్?" ఆమె అరిచింది. పెళ్లయ్యాక భర్తను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"మూడున్నరకు ట్యాంకర్ వస్తది."

"ఏం ట్యాంకర్?"

"నీళ్ల ట్యాంకర్. వెంచర్ల చివరి విల్లా. సంపుల ఉన్నది వదిన."

*

జీపు సైరన్ వేసుకుని సాగర్ రోడ్డు మీద దూసుకుపోతోంది. మూడూ ముప్పై ఎనిమిది.

ముందు సీట్లో భవాని ట్యాంకర్ డ్రైవర్ నంబరు కొడుతూనే ఉంది. మోగుతోంది. ఎత్తడం లేదు. వాచ్‌మన్‌కూ చేసింది. అతనికి పరమేష్ నిన్ననే సెలవిచ్చి ఊరికి పంపేశాడు. కూలీలకూ సెలవే.

సంపు అంటే ఇంటి ముందు భూమిలో తవ్వి, సిమెంటుతో కట్టే నీళ్ల తొట్టి. పైన స్లాబు. మనిషి దిగేంత మూత. ట్యాంకర్ పైపు పెట్టడానికి పక్కన వేరే గొట్టం ఉంటుంది. మూత తీయనక్కర్లేదు. లోపల ఎవరున్నారో చూడనక్కర్లేదు.

వెనక సీట్లో మనోజకు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. నీళ్లు పాదాలు దాటి ఉంటాయా? మోకాళ్లు? అక్క పడుకుని ఉంటే? 'ప్రభువా, ప్రభువా' అనుకుంటోంది. ఆ తర్వాత మాట రావడం లేదు.

బొంగులూరు దగ్గర మలుపు. మట్టి రోడ్డు. రంగురంగుల జెండాల మధ్య సగం కట్టిన విల్లాల వరస. చిట్టచివర, నీలం ట్యాంకర్. మోటారు గోల పెడుతోంది. లావుపాటి పైపు భూమిలోకి దిగి ఉంది.

"బంద్ చెయ్! బంద్ చెయ్‌రా!" జీపు ఆగకముందే కొండల్ దూకాడు.

నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్న డ్రైవర్ బిత్తరపోయి మోటారు ఆపాడు. మూత మీద మూడు సిమెంటు బస్తాలు. భవాని ఒకటి, కొండల్ ఒకటి లాగారు. మనోజ గోళ్లు విరిగిపోయేలా మూడోది లాగింది. మూత లేచింది.

లోపల చీకటి. తడి సిమెంటు వాసన.

"అక్కా!"

జవాబు లేదు. నీళ్లు గోడకు తగులుతున్న చప్పుడు.

"అక్కా! నేను, మనోజను!"

చీకట్లో ఏదో కదిలింది. భవాని టార్చి వేసింది. మూలన, గోడకు వీపు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి ఉంది మరియ. నీళ్లు నడుము దాటాయి. చేతులు చున్నీతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. నోటికి ప్లాస్టర్. వెలుగుకు కళ్లు మూసుకుంది.

కొండల్ నీళ్లలోకి దూకాడు. స్లాబు మీద బోర్లా పడుకుని మనోజ రెండు చేతులూ కిందికి చాచింది. అక్క భుజాలు చేతికందాయి. ఎంత చల్లగా ఉన్నాయో. కానీ ఆ చల్లని ఒంట్లో గుండె కొట్టుకుంటోంది.

*

దవాఖానలో మరియ కాలికి కట్టు కట్టారు. సెలైన్ ఎక్కుతోంది. సాయంత్రానికి మాట వచ్చింది.

"ఈదమ్మ ఎరుకేనా?" అని చెల్లెలిని అడిగింది.

మనోజకు తెలుసు. కూరగాయలు అమ్మే ఈదమ్మను చలికాలంలో సాగర్ రోడ్డు మీద ఏదో కారు గుద్ది పోయింది. కాలు తీసేశారు. నెలల తరబడి మరియే కట్లు కట్టింది.

"పోతున్న అని చెప్పనీకి మొన్న పోయిన. నా చేతులు పట్టుకొని ఏడ్చింది. 'గుద్దినోడు కిందికి దిగిండు బిడ్డా. వాని కనుబొమ్మ మీద పగిలి నెత్తురు కారుతున్నది. నన్ను సూసిండు. సూసి బండెక్కి పోయిండు' అన్నది. ఆ రాత్రే పరమేష్ నా దగ్గరికి వచ్చిండే. సైటుల రాడ్ తగిలిందన్నడు. కనుబొమ్మ మీద కుట్లు నేనే వేసిన."

మనోజకు ఆ మచ్చ తెలుసు. వారం రోజులు మందు రాసింది తనే.

"నిన్న కార్ల వాన్ని అడిగిన. ఒప్పుకున్నడు. స్టేషన్‌కు పోయి చెప్పు, మనోజకు నువ్వే చెప్పు అన్న. లేకపోతే అక్కడికెల్లి నేను చెప్తనన్న. సరే వదినా అన్నడు. సైటుల ఏదో తీసుకునేది ఉన్నదని బండి తిప్పిండు. నేను నమ్మిన. ఫోన్ గుంజుకొని, చేతులు కట్టి సంపుల తోసిండు. పడంగ కాలు విరిగింది." మరియ కళ్లు మూసుకుంది. "చేతులతోని చంపనీకి ధైర్యం రాలే వానికి. నీళ్ల మీద పెట్టిండు."

వార్డు బయట భవాని నిలబడి ఉంది. పక్కన కాగితాలతో కొండల్.

"నీ వాంగ్మూలం కావాలె చెల్లె," భవాని అంది. "ఇప్పుడే ఇయ్యాలని లేదు. ఇంటికి పో. అమ్మను చూసుకో. రేపు రా. నీ మీద ఒత్తిడి లేదు."

మనోజ బెంచీ మీద కూర్చుంది. "ఇప్పుడే ఇస్త."

కొండల్ పెన్ను తీశాడు. "పేరు?"

"మనోజ."

"భర్త పేరు?" అలవాటు కొద్దీ అడిగేసి, కొండల్ నాలుక కరుచుకున్నాడు. "అది తర్వాత రాసుకుంట లేమ్మా."

మనోజ ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"తర్వాత ఎందుకన్నా? పరమేష్. తండ్రి పేరు చెప్త, ఊరు చెప్త, కారు నంబర్ చెప్త. ఈదమ్మ పేరు కూడ రాయి. ముందుగాల ఆమె పేరే రాయి."